పన్నెండో మొక్క

కడియపులంకలో చచ్చిన మొక్కను చూసినవాళ్ళు లేరు.

అక్కడ మొక్కలు చావవని కాదు. ఎండకు చస్తాయి, వానకు చస్తాయి, వేరుపురుగుకు చస్తాయి, ఏ కారణమూ చెప్పకుండా కూడా చస్తాయి. కానీ తెల్లవారేసరికి దాని చోట మరొకటి నిలబడి ఉంటుంది. చీకటి ఉండగానే లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని, వరసల మధ్య నడుస్తూ, వాడిన మొక్క ఉన్న కవరు తీసి పచ్చని మొక్క ఉన్న కవరు పెట్టడం నర్సరీవాడి తొలి పని. పళ్ళు తోముకోవడం దాని తరవాతి పని. వచ్చినవాడి కంట ఎండిన కొమ్మ పడకూడదు. పడిందా, ఆ తోటవాడి చేతిలో పచ్చదనం లేదని గోదావరి గట్టు పొడుగునా చెప్పుకుంటారు.

సత్తిరాజు చేతిలో పచ్చదనం ఉందని నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు.

ఆయన ఒక్కగానొక్క కూతురు సువర్చలకు ఆ పచ్చదనం రహస్యం పదో ఏట తెలిసింది. ఆరో పుట్టినరోజున తాను నాటుకున్న పసుపు గులాబీ నాలుగేళ్ళుగా బతికే ఉందని ఆ పిల్ల మురిసిపోతూ ఉండేది. ఒకనాడు తెల్లవారుజామున మెలకువ వచ్చి కిటికీలోంచి చూస్తే, తండ్రి ఆ గులాబీని వేళ్ళతో సహా పెకలించి, అదే ఎత్తున్న, అదే రంగున్న మరొక గులాబీని ఆ గుంటలో నిలబెడుతున్నాడు. అడిగితే సిగ్గుపడుతూ నవ్వాడు. ఇది ఐదోదన్నాడు. నువ్వు ఏడుస్తావని మారుస్తున్నానన్నాడు. ఆ రోజంతా సువర్చల ఏడ్చింది. మర్నాటికి మరిచిపోయింది.

మరిచిపోవడమే ఆమె చేసిన తప్పు. ఈ కథ ఆ మరుపు కథ.

*

పాతికేళ్ళు గడిచాయి. సువర్చల రాజమహేంద్రవరంలో ఒక పరిశోధనాలయంలో, పరాంకుశం గారనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర పనిచేస్తోంది. మందు మొక్కల వేళ్ళను గురించి ఆమె చదువు. మన్యంలో ఒక కుళ్ళిన మద్ది దుంగ కింద ఆమెకు ఒక బూజు దొరికింది. తెల్లగా, సన్నగా, సాలెపట్టు కంటే మెత్తగా నల్లమట్టిలో అల్లుకుపోయే బూజు. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి పెట్టారు గానీ, ప్రయోగశాలలో అందరూ దాన్ని దారం అనేవారు. ఒక మొక్క వేరు నుంచి మరొక మొక్క వేరుకు అది తిండి మోసేది. అడవిలో చాలా బూజులు ఆ పని చేస్తాయి. ఇది అంతటితో ఆగేది కాదని తెలియజెప్పినవాడు కాపలాదారు అప్పన్న.

అప్పన్నకు ఏళ్ళ తరబడి దగ్గు. రోజూ పొద్దున్నే వచ్చి, అద్దాల గదిలో దారం పరిచిన మడి దగ్గర ముఖం కడుక్కుని, పుక్కిలించి, ఆ నీళ్ళు మొక్కల్లోకే వదిలేవాడు. మూడు వారాల్లో ఆ మడిలో అన్నీ ఎండిపోయాయి. ఒక్క అడ్డసరం మాత్రం మోకాలెత్తు పొదై కూర్చుంది. పరాంకుశం గారు ముందు అప్పన్నను తిట్టారు. తరవాత ఆలోచనలో పడ్డారు. అప్పన్న కడిగిన నీళ్ళను పరీక్షించారు, మట్టిని పరీక్షించారు, చివరికి అప్పన్ననే పరీక్షించారు. దగ్గు మందులో అడ్డసరం రసం ఉంటుందని తెలిసిన సువర్చల మాత్రం ఆ పొదలో ఒక ఆకు తుంచి అప్పన్న చేతిలో పెట్టింది.

తరవాత వాళ్ళు తమ తమ మడులు వేసుకున్నారు. ఎవరి మడికి వారి ముఖం కడిగిన నీళ్ళే, ఇరవై ఒక్క రోజులు. దారం ఆ నీళ్ళలో మనిషిని చదివేది. ఆ దేహానికి ఏ ఆకు పనికివస్తుందో దాని వేరుకే తిండి మోసేది, మిగిలినవాటిని పస్తు పెట్టేది. చక్కెర జబ్బున్న పరాంకుశం గారి మడిలో తిప్పతీగ ఒక్కటే మిగిలి పందిరి ఎక్కింది. ఏ జబ్బూ లేని సువర్చల మడిలో అన్నీ సమానంగా, సాదాగా, పచ్చగా నిలిచాయి. దారానికి అక్కడ ఎంచుకోవలసిన పని లేదు.

జోగారావు గారి మడిలో ఒక్కటీ మిగలలేదు.

జోగారావు గారు పరిశోధనాలయపు గ్రంథాలయం చూసుకునే పెద్దమనిషి. ఎండిన పుల్లల మధ్య నిలబడి, దీని అర్థమేమిటమ్మా అని ఆయన అడిగినప్పుడు, సువర్చల మట్టి బాగా లేదని చెప్పింది. నీళ్ళు ఎక్కువయ్యాయని చెప్పింది. ఆయన అంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, మెల్లగా అన్నాడు.

"మొక్కలకున్న ధైర్యం నీకు లేదు తల్లీ."

రెండు నెలలకు ఆయన పోయాడు. డాక్టర్లు చూడలేకపోయిందీ, చూసినా చేయగలిగింది లేనిదీ దారానికి ముందే తెలుసు.

అలా మూడు సూత్రాలు స్థిరపడ్డాయి. అన్నీ పచ్చగా ఉంటే ఆరోగ్యం. ఒకటో రెండో మిగిలితే జబ్బూ ఉంది, దానికి దారీ ఉంది. ఏదీ మిగలకపోతే దారి లేదు.

*

పెరట్లో ఏ మందు మొక్కలు వేసుకోవాలన్నది కడియపులంకలో అందరూ సువర్చల తల్లి వరహాలమ్మను అడిగే ప్రశ్న. ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే వస, పరీక్షలు రాసే పిల్లలుంటే సరస్వతి ఆకు, అత్తగారుంటే కలబంద అని చెప్పేది. అత్తగారికి కలబంద ఎందుకంటే, ముళ్ళున్నవాళ్ళకు ముళ్ళున్నదే మందు అని నవ్వేది. వినడానికి బాగుంటుంది. కానీ ఒకరికి నప్పింది మరొకరికి నప్పదు, ఎవరికేది నప్పుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రతి ఇల్లూ తన మొక్కలను తానే ఎంచుకోగలిగితే, డాక్టరు లేని లంక గ్రామాల్లో కూడా జబ్బు ముదరకముందే పెరడు హెచ్చరిస్తే, అంతకంటే ఏం కావాలి. సువర్చల కన్న కల అదే.

నలభై ఇళ్ళలో మడులు వేయడానికి అనుమతి వచ్చింది. మందు మొక్కలంటే పరిచయమున్న ఊరు కావాలన్నారు పరాంకుశం గారు. సువర్చల తన ఊరి పేరు చెప్పింది. మొదటి మడి తన తల్లిది.

కార్తికంలో ఒక ఆదివారం, ప్రయోగశాల నుంచి దారం నిండిన నల్లమట్టి బస్తాలు తెచ్చి, ఇంటి వెనుక దొడ్డి వాకిట్లో పన్నెండు గుంటల మడి కట్టింది. తులసి, సరస్వతి ఆకు, తిప్పతీగ, అడ్డసరం, నేలవేము, గుంటగలగర, కలబంద, వాము ఆకు, పిప్పలి, వస, అశ్వగంధ. ప్రయోగశాలలో అదే నల్లమట్టిలో పెంచిన నారు అంతా. పన్నెండోది నేలఉసిరి. దాన్ని చూసి సత్తిరాజు అరుగు దిగి వచ్చాడు. ఎందుకంటే నర్సరీలో నేలఉసిరి అంటే కలుపు. గులాబీ కవరులో, మందారం కవరులో, పిలవకుండా మొలిచి, పీకిన కొద్దీ మళ్ళీ మొలిచే పిచ్చి మొక్క. కలుపు తీసే గంగమ్మకు ఏడాది పొడుగునా దానితోనే యుద్ధం.

"కలుపు మొక్కకి గుంట తవ్వే చదువు చదివేవా అమ్మలూ?" అన్నాడు.

"ఆయన మాటలకేం గానీ నువ్వు వెయ్యవే. కామెర్లొస్తే మా అమ్మ అదే నూరి పోసేది," అంది వరహాలమ్మ.

"మీ అమ్మ నూరి పోసి మీ నాన్నని ఎన్నాళ్ళు బతికించిందో మాకు తెల్సులే."

"మీలాంటి అల్లుణ్ణి చూసేక ఇంక బతకాలనిపించలేదండి ఆయనకి."

సువర్చల నవ్వుతూనే నేలఉసిరిని పన్నెండో గుంటలో పెట్టింది. తల్లికి చేయవలసింది వివరించింది. పొద్దున లేచాక ముఖం కడిగిన నీళ్ళు ఇత్తడి చెంబులో పట్టి మడికి పోయాలి. ఎనిమిది గంటలకు ఫోనుతో ఫోటో తీసి పంపాలి. అంతే. తండ్రికి ఏమీ వివరించలేదు. మొక్కల గురించి ఆయనకు చెప్పవలసినదేముంది అనుకుంది.

వాడిపోతే వాడిపోనివ్వాలన్న ఒక్క మాట ఆయనకు చెప్పి ఉంటే చాలు. ప్రయోగశాలలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట చెప్పనక్కరలేదు. కడియపులంకలో పుట్టి పెరిగినవాళ్ళకు చెప్పాలి. చెప్పాలని కడియపులంకలో పుట్టిన సువర్చలకు తట్టలేదు.

*

రోజూ ఎనిమిదింటికి ఫోటో వచ్చేది. రోజూ పన్నెండూ పచ్చగా ఉండేవి. సువర్చల వాటిని పుస్తకంలో ఎక్కించుకునేది. మిగిలిన ముప్పై తొమ్మిది ఇళ్ళ నుంచీ ఫోటోలు వచ్చేవి. దాదాపు అన్నీ పచ్చగానే ఉండేవి. ఊరు ఇంత ఆరోగ్యంగా ఉందా అని ఒకనాడు పరాంకుశం గారు ఆశ్చర్యపోయారు. పచ్చటి గాలి కదండీ అని సువర్చల గర్వంగా అంది.

పదమూడో రోజున తల్లి ఫోనులో ఒక మాట అంది. తులసి నిన్నటికంటే పొట్టిగా కనపడుతోందిట. మీ నాన్నని అడిగితే నీ కళ్ళు ముసలివయ్యాయంటున్నారని చెప్పి నవ్వింది. సువర్చల కూడా నవ్వింది. ఇరవై ఒకటో రోజుకు ఢిల్లీ నుంచి నలుగురు పెద్దలు చూడడానికి వస్తున్నారు. ఆమె తలనిండా ఆ నలుగురే.

వాళ్ళు వచ్చారు. వాకిట్లో మడి పెళ్ళిపందిరిలా కళకళలాడుతోంది. సత్తిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. సరిసమానంగా ఎదిగిన పన్నెండు మొక్కలను చూసి, ఈ తల్లి నిండు ఆరోగ్యంతో ఉందని పరాంకుశం గారు అతిథులకు చెప్పారు. వాళ్ళు వరహాలమ్మకు నమస్కారం పెట్టారు. ఆమె కొంగు నిండుగా కప్పుకుని, పరీక్షలో మొదటి తరగతి వచ్చిన పిల్లలా సిగ్గుపడింది.

అతిథులు వెళ్ళాక, మడికి ఇక ముఖం కడిగిన నీళ్ళు పోయనక్కరలేదని సువర్చల చెప్పింది. ఆ నీళ్ళు ఆగితే దారం నిద్రపోతుంది, మడి మామూలు మడి అవుతుంది. తల్లి తల ఊపి, వంటింటి గడప మీద కూలబడినట్టు కూర్చుంది.

"అన్నం సయించట్లేదే ఈ మధ్య. మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్ళు పీకేస్తన్నాయి."

"నీ మడి చూశావుగా అమ్మా. నా మడి కంటే పచ్చగా ఉంది," అంది సువర్చల. "పని తగ్గించుకో, అంతే."

"అంతేనంటావా."

"అంతే."

ఆ అంతే అన్న మాట తరవాత చాలా రోజులు సువర్చల చెవిలో ఉండిపోయింది. అన్నం కలుపుకుంటుంటే వినపడేది. చేతులు కడుక్కుంటుంటే వినపడేది.

*

మాఘమాసంలో వరహాలమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. కాకినాడ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు సినిమా రీలులాంటి ఫోటోలను వెలుతురుకు పట్టి చూసి, కాలేయం చాలామటుకు పోయిందని చెప్పాడు. మూడు నెలల ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేయగలిగేవాళ్ళమన్నాడు. మూడు నెలల ముందు ఏ లక్షణమూ కనపడలేదా అని అడిగాడు. నిష్ఠురంగా కాదు, రాసుకోవడానికి. సువర్చల నోరు తెరిచేలోగా సత్తిరాజు చెప్పాడు. అమ్మాయి పరీక్ష చేసిందండీ, బాగానే ఉందని తేలిందండీ అన్నాడు. కూతుర్ని కాపాడబోయి అన్న మాట అది. ఆయన ఎప్పుడూ ఎవరినో ఒకరిని కాపాడుతూనే ఉంటాడు.

వరహాలమ్మ ఇరవై రోజులు ఆ మంచం మీద ఉంది. ఒళ్ళంతా తంగేడు పూవు రంగు తిరిగింది. మాట మాత్రం తగ్గలేదు. పక్క మంచం ఆవిడకు పెరట్లో ఏ మొక్కలు వేసుకోవాలో చెప్పింది. నర్సు పిల్లకు జుట్టు రాలకుండా గుంటగలగర నూనె ఎలా కాచాలో చెప్పింది. మొగుణ్ణి కసిరింది. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం కూతురి చెయ్యి పట్టుకుని, తప్పిపోయిన వస్తువును గుర్తు చేసుకుంటున్నట్టుగా అంది.

"నా మడి పచ్చగానే ఉంది కదే."

"ఉందమ్మా."

"మరి నేనేంటే ఇలా అయిపోయేను?"

ఆ ప్రశ్నలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. తెలిసినవాళ్ళు చెబుతారని అడిగిన ప్రశ్న. సువర్చల తల్లి పాదాలు ఒత్తుతూ తల వంచుకుంది.

ఫాల్గుణ శుద్ధ పంచమినాడు వరహాలమ్మ పోయింది.

*

కర్మకాండలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, సువర్చల గునపం తీసుకుని మడి దగ్గర కూర్చుంది. తల్లి అడిగినదానికి జవాబు కావాలి. దారం పొరపాటు చదివిందా, మట్టి చెడిందా, తన సూత్రమే తప్పా. వేళ్ళు ప్రయోగశాలకు తీసుకువెళ్ళి చూడాలి.

మొదట తులసి. చుట్టూ తవ్వి, మొదలు పట్టి మెల్లగా పైకి లాగింది. నల్లమట్టి రాలిపోయింది. లోపల, వేళ్ళను పట్టుకుని, బత్తాయికాయంత ఎర్రమట్టి బంతి ఉంది.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. కవరు అడుగు మడత గీతలు దాని మీద ఇంకా ఉన్నాయి. ఆ ఎర్రమట్టి నర్సరీ మట్టి. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని పేడతో కలిపి, చిల్లుల కవర్లలో తాను వేల సార్లు కూరిన మట్టి. ప్రయోగశాల నారుకు ఆ మట్టి అంటదు.

సరస్వతి ఆకు తవ్వింది. ఎర్రమట్టి. తిప్పతీగ తవ్వింది. ఎర్రమట్టి. అడ్డసరం, నేలవేము, గుంటగలగర. ఒక్కొక్క గుంటా తెరుచుకుంటూంటే, పాతికేళ్ళ కింద కిటికీలోంచి చూసిన పసుపు గులాబీ ఆమె కళ్ళ ముందు ఒక్కొక్క రేకే విచ్చుకుంది.

వెనుక అడుగుల చప్పుడు కాలేదు. కానీ తండ్రి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడని ఆమెకు తెలిసింది.

"నేనే మార్చేను అమ్మలూ," అన్నాడు సత్తిరాజు. "తొమ్మిదో రోజుకి తులసి తల వాల్చేసింది. తర్వాత వరసాగ్గా అన్నీ. ఢిల్లీ వాళ్ళొస్తన్నారన్నావు. సత్తిరాజు ఇంట్లో, సత్తిరాజు కూతురు మడి ఎండిపోయిందంటే నీకెంత నామోషీ. మీ అమ్మ లేచేలోగా మార్చేసేవోణ్ణి."

సువర్చల వెనక్కి తిరగలేదు. కలబంద తవ్వింది. వాము ఆకు తవ్వింది. పిప్పలి, వస, అశ్వగంధ. పదకొండు ఎర్ర బంతులు గట్టు మీద వరసగా పేర్చింది.

ఇక పన్నెండో గుంట. నేలఉసిరి. చుట్టూ తన విత్తనాలే రాలి మొలిచిన పిల్లలతో, ఏపుగా, చిన్న చెట్టులా నిలబడి ఉంది. కలుపు మొక్కను కవరులో పెంచే నర్సరీ గోదావరి జిల్లాల్లోనే లేదు. గునపం పక్కన పెట్టి ఆమె వేళ్ళతో మట్టి తీసింది. నలుపు. ఇంకా లోతుకు తీసింది. నలుపు. ఆ నలుపులో, వేరు పొడుగునా జడ అల్లినట్టు, చిటికెనవేలంత మందాన తెల్లటి దారం. ఆ పదకొండింటినీ పస్తు పెట్టి దారం మోసిన తిండి అంతా ఇక్కడికే వచ్చింది. జబ్బు ఉంది, దానికి దారీ ఉంది అని ఇరవై ఒక్క రోజులు, మట్టి కింద, అది చెబుతూనే ఉంది.

ఆమె మట్టిని గబగబా మళ్ళీ కప్పేసింది.

"నాకో సంగతి చెప్పు," అన్నాడు తండ్రి. "నేను మార్చకుండా ఉండుంటే, మీ అమ్మ..."

సువర్చల చేతికున్న నల్లమట్టి వంక చూసుకుంది. మొక్కలకున్న ధైర్యం నీకు లేదు తల్లీ అన్న జోగారావు గారు గుర్తొచ్చారు. నిజమే, లేదు. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"పన్నెండూ వాడిపోతే ఏ మందూ పనిచెయ్యదని అర్థం నాన్నా. అమ్మ మడిలో పన్నెండూ వాడిపోయాయి. నువ్వు మార్చినా మార్చకపోయినా ఒకటే."

సత్తిరాజు చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"నేలఉసిరి కూడానా?"

"అదీనూ. అక్కడ ఇప్పుడున్నది గాలికి పడి మొలిచింది."

ఆయన తల ఊపాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. లేచి, లోపలి నుంచి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి వంగాడు.

"సరే. చేతులు కడుక్కో అమ్మా," అన్నాడు.

*

సువర్చల ఆ మర్నాడే పరాంకుశం గారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. తండ్రికి చెప్పిన అబద్ధం తప్ప మిగిలినదంతా. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ నలభై ఇళ్ళలో నర్సరీ లేని ఇల్లు ఎన్ని అని అడిగారు. ఒక్కటీ లేదని ఆమె చెప్పింది. మందు మొక్కలంటే పరిచయమున్న ఊరు కావాలని అడిగింది తానేనని ఆయనకు గుర్తొచ్చింది కాబోలు, గునపాలు తెప్పించమన్నారు.

వాళ్ళు ఊరంతా తిరిగి తవ్వారు. ఇరవై ఆరు ఇళ్ళ మడుల్లో, కొన్నిటిలో ఒకటో రెండో, కొన్నిటిలో వరసంతా, ఎర్రమట్టి బంతులు దొరికాయి. ఎవరూ దాచలేదు. దాచవలసిన పని చేశామని ఎవరికీ తెలియదు. వాడిన మొక్క ఉంటే మార్చరా ఏమిటండీ అన్నారు, వాళ్ళే ఆశ్చర్యపోతూ. మళ్ళీ మడులు వేశారు. ఈసారి ప్రతి ఇంటి గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించారు. ఎండిన మొక్కను తాకవద్దు. ఊరి చరిత్రలో అలాంటి రాత ఎవరూ రాయలేదు. చదివినవాళ్ళు సిగ్గుపడ్డట్టు పక్కకు చూసేవారు.

ఇరవై ఒకటో రోజుకు తొమ్మిది మడులు జబ్బు చెప్పాయి. రెండు మడులు ఏమీ మిగల్చకుండా ఎండిపోయాయి. ఆ తొమ్మిది మందిలో బొండుమల్లెల నర్సరీ కోడలు ఒకామె వేళకు ఆసుపత్రికి చేరింది, బతుకుతుందన్నారు. మీ అమ్మగారు పోయినా ఈ అమ్మాయిని నిలబెట్టారమ్మా అని పరాంకుశం గారు ఓదార్చారు. సువర్చల ఆ మాటను ఎంతో జాగ్రత్తగా విన్నది. లోపల ఎక్కడా అంటుకోలేదు.

ఆ పనుల్లో పడి ఆమె పుట్టింటికి వెళ్ళి కూర్చున్నది లేదు. ఊళ్ళో తిరుగుతూ కూడా ఆ వీధి తప్పించి నడిచింది. ఫోను చేస్తే తండ్రి బాగానే ఉన్నానమ్మా అనేవాడు. నర్సరీ బాగానే ఉందనేవాడు. ఆయన గొంతులో ఏదో వెతుక్కునేది. ఏమీ దొరికేది కాదు. అబద్ధం పనిచేసిందనుకుంది. అబద్ధానికైనా ఒక మందు గుణం ఉందనుకుంది.

*

ఆషాఢంలో తొలి వానలు పడ్డాక ఒక ఉదయం వెళ్ళింది.

రోడ్డు మీదికి నర్సరీ ముందు వరస కనపడుతుంది. గులాబీలు, మందారాలు, నందివర్ధనాలు. అన్ని కవర్లలోనూ, మొదళ్ళ చుట్టూ, గుంపులు గుంపులుగా సన్నటి ఆకుల చిన్న మొక్కలు. ఆకు వెనుక ఆవగింజల్లాంటి కాయలు. నేలఉసిరి. ఒక కవరులో కాదు, ఒక వరసలో కాదు. తోట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, వేల కవర్లలో, గులాబీ కంటే గుబురుగా, మందారం కంటే ముందుగా, పీకే చెయ్యి లేక పెరిగిపోయిన నేలఉసిరి.

గంగమ్మ కవర్లకు నీళ్ళు పెడుతోంది. చేతిలో కలుపు తీసే కొంకి లేదు. సువర్చల అడగకముందే ఆమె అంది.

"నన్నేం అనకండి అమ్మాయిగోరూ. నాన్నగోరే పీకొద్దన్నారండి. అమ్మగోరు పోయిన పదిహేను రోజుల కాడ్నుంచీ ఒక్కటి పీకనీలేదండి. కలుపున్న కవరెవరు కొంటారండీ అంటే, కొనకపోతే మానేత్తారులే గంగా అన్నారండి."

సువర్చల లెక్క కట్టింది. కట్టనక్కరలేని లెక్క. పదిహేను రోజులు అంటే తాను మడి తవ్వి, పన్నెండూ వాడిపోయాయని చెప్పిన మర్నాడో, మూడోనాడో. తెల్లవారుజామున ఒక్కొక్క మొక్కనూ తన చేత్తో మార్చినవాడు ఆయన. ఎన్ని మార్చాడో, ఏది మార్చలేదో ఆయనకు ఒకరు చెప్పాలా. పదకొండని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేలఉసిరి కూడానా అని అడిగింది తెలియక కాదు. కూతురు ఎంతవరకు అబద్ధం చెప్పగలదో చూసి, అది చాలా దూరం వెళ్ళిందని చూసి, ఆమె ఏడవకూడదని, సరే అన్నాడు.

ఆమె వాకిట్లోకి నడిచింది. మడిలో తాను తవ్విన పదకొండు గుంటలూ అలాగే ఉన్నాయి. వానకు అంచులు కాస్త విరిగి, అడుగున నీళ్ళు నిలిచి, తెరిచిన కళ్ళలా ఉన్నాయి. పన్నెండో చోట నేలఉసిరి కాలం తీరి ఎండిపోయి ఉంది. నలభై ఏళ్ళలో ఏ గుంటనూ ఒక్క పూట ఖాళీగా ఉంచని మనిషి వాటి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో వరహాలమ్మ ఇత్తడి చెంబు. ముఖం తడిగా ఉంది. అప్పుడే కడుక్కున్నట్టున్నాడు.

"వచ్చేవా అమ్మలూ," అన్నాడు. "కాఫీ పెట్టమంటాను గంగని."

"నాన్నా," అంది సువర్చల.

ఆయన చెంబును పక్కన పెట్టి, ఆమె కూర్చోవడానికి పీట మీద కొంచెం జరిగాడు. ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఆమె కూర్చున్న చోటి నుంచి, పక్క సందులోంచి, రోడ్డు వైపున్న ముందు వరస కనపడుతోంది. వచ్చినవాడి కన్ను మొదట పడే చోట, గేటు పక్కన, ఒక మందారం నిలువునా ఎండి నిలబడి ఉంది. ఎప్పుడు ఎండిందో, ఆకులన్నీ రాలి, కొమ్మలు బూడిద రంగు తిరిగాయి.

దాన్ని ఎవరూ మార్చలేదు.